పులి అడుగు, పన్నెండుకి ఒకటి వాలు: మా జూ ప్రాజెక్టు డైరీ

జనవరి, సంక్రాంతి సెలవుల తర్వాత

మా పాలిటెక్నిక్‌లో ఫైనలియర్ ప్రాజెక్టులంటే ఏటా అవే వస్తాయి. సోలార్ గడ్డికోత మిషను, పెడల్ పంపు, మోటారు హ్యాక్సా. మార్కులు పడగానే స్టోర్‌రూములో ఓ మూలకి చేరతాయి. ఈసారి మెకానికల్ బ్యాచ్‌లో ఓ అమ్మాయి వేరే మాట ఎత్తింది. వాళ్ళ తమ్ముడికి సెరిబ్రల్ పాల్సీ, వీల్‌చెయిర్ మీద తిరుగుతాడు. కనుమ నాడు ఇంటిల్లిపాదీ జూకి వెళ్తే అతనూ నాన్నమ్మా గేటు దగ్గరే ఉండిపోయారట. తిరిగొచ్చాక ఫోన్లో ఫోటోలు చూపించారట. "సార్, జూని మార్చడం మనవల్ల కాదు గానీ, వాడు కూడా లోపలికెళ్ళి చూసి రావడానికి ఏం కావాలో అది చేద్దామా?" అంది. పిల్లలందరూ ఒప్పుకున్నారు, నేనూ ఒప్పుకున్నాను.

జూ పేరు ఇక్కడ రాయను. పని ఇంకా నడుస్తోంది, జూ బాధ్యతలు చూసే క్యూరేటర్ గారు మాకు చాలా సాయం చేశారు, రేపు ఎవరో ఒకరు ఇందులోంచి ఒక వాక్యం లాగి ఆయన్ని ఇబ్బంది పెట్టకూడదు. ఆయన పెట్టిన షరతులు మూడు: ఎన్‌క్లోజరు (జంతువుని ఉంచే ఆవరణ) గోడకి మేకు కూడా కొట్టొద్దు, జంతువుకి తిండి చూపించొద్దు, డ్రిల్లింగ్ వెల్డింగ్ లాంటి మోత ఏదున్నా సెలవు రోజున గానీ గేట్లు తెరవక ముందు గానీ చేసుకోవాలి. మూడూ న్యాయమైనవే.

మా జట్టులో పిల్లలు కాక ఇంకో నలుగురున్నారు. అంధుల పాఠశాలలో తెలుగు చెప్పే మాస్టారు, పుట్టుకతోనే చూపు లేదు. పోలియో వచ్చి వీల్‌చెయిర్ వాడే ఒక అక్క, జిరాక్స్ షాపు నడుపుతుంది, నోరు గట్టిది. ఆటిజం ఉన్న తొమ్మిదేళ్ళ బాబు తల్లి. వినపడని ఒక కుర్రాడు, టైలరు. వీళ్ళు "సలహాదారులు" కాదని మొదటి రోజే మా పిల్లలకి చెప్పాను. వీళ్ళు బాలేదంటే అది మళ్ళీ చెయ్యాల్సిందే.

జనవరి, చివరి వారం

టేపు, నీటిమట్టం, అద్దెకి తెచ్చిన వీల్‌చెయిర్, ఒక నోటుపుస్తకం. ఇంతే సర్వే సామాను.

మొదట దూరం. జూ అంటే జనం జంతువుల్నే తలుచుకుంటారు గానీ కాలు బాలేనివాళ్ళకి అది ముందు దూరమే. హైదరాబాద్ నెహ్రూ జూ పార్కు సుమారు 380 ఎకరాలు. విశాఖలో కంబాలకొండ పక్కనున్నది 625 ఎకరాలు, పైగా కొండ నేల. తిరుపతిది ఏకంగా ఐదు వేల ఎకరాల పైచిలుకు. మేము పనిచేస్తున్నది వీటికంటే చిన్నదే. అయినా ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళు వీల్‌చెయిర్‌లో మార్చి మార్చి కూర్చుని తోసుకుంటూ ఒక చుట్టు తిరిగేసరికి షర్టులు పిండుకునేలా తయారయ్యారు.

రూలు పుస్తకం చెప్పేది సులువే. 2021లో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ తెచ్చిన హార్మొనైజ్డ్ గైడ్‌లైన్స్ (కట్టడాలు అందరికీ అందుబాటులో ఉండటానికి పెట్టిన ప్రమాణాలు) ప్రకారం ర్యాంపు వాలు పన్నెండుకి ఒకటి మించకూడదు. అంటే ఒక సెంటీమీటరు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు సెంటీమీటర్ల పొడవు కావాలి. 15 సెంటీమీటర్ల మెట్లు రెండుంటే మొత్తం 30, ర్యాంపు 3.6 మీటర్లు. పైనా కిందా వీల్‌చెయిర్ తిరగడానికి ఒకటిన్నర మీటరు చదును. పట్టుకోవడానికి రెండు ఎత్తుల్లో కమ్మీ, 76 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, 90 దగ్గర ఒకటి.

పాముల గది ముందు ఇదివరకే ఒక ర్యాంపు ఉంది. కొలిస్తే ఆరుకి ఒకటి. అక్క చూసి, "ఇది బస్తాల ట్రాలీ ఎక్కించడానికి కట్టారు తమ్ముడూ, మనుషులకి కాదు. ఎక్కడం సంగతి సరే, దిగేటప్పుడు నేను నేరుగా నాగుపాము ఒళ్ళోకే" అంది. కట్టినవాళ్ళు మంచి ఉద్దేశంతోనే కట్టుంటారు. ర్యాంపు కావాలని ఎవరో అడిగారు, ఉన్న జాగాలో ఎంత పడితే అంత కట్టేశారు. మన దగ్గర చాలా ర్యాంపుల కథ ఇదే.

రివాల్వింగ్ గేటులో వీల్‌చెయిర్ పట్టదు. పక్కన పెద్ద గేటు ఉంది, గొలుసు వేసుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే బోలెడంత సేపు పట్టింది. దీనికి ఇంజనీరింగ్ అక్కర్లేదు. తాళంచెవి టికెట్ కౌంటరులో మేకుకి తగిలించాలని క్యూరేటర్ గారు ఆ సాయంత్రమే ఆర్డరు వేశారు. ఈ ప్రాజెక్టు మొత్తంలో ఖర్చు లేకుండా అయిన పని ఇదొక్కటే.

కాలవల మీద ఇనప జాలీలు. చువ్వలు దారి వెంబడే పొడుగ్గా ఉండటంతో వీల్‌చెయిర్ ముందు చిన్న చక్రాలు సందులోకి దిగిపోతాయి. ఊతకర్ర మొన కూడా అంతే. చువ్వలు దారికి అడ్డంగా ఉండాలి, సందు 12 మిల్లీమీటర్లు దాటకూడదు. మా పిల్లలు అన్నీ లెక్కపెట్టి, కాలేజీ వర్క్‌షాపులో అడ్డంగా ఫ్లాట్ బార్లు వెల్డ్ చేసి, సెలవు రోజున మార్చేశారు. నిజం చెప్పాలంటే మెకానికల్ డిప్లొమా పిల్లలకి ఇంతకంటే మంచి ప్రాక్టికల్ ఉండదు.

ఫిబ్రవరి, మొదటి వారం

టాయిలెట్ గురించి విడిగా రాయాలి.

దివ్యాంగుల బొమ్మ అతికించిన గది ఒకటి ఉంది. తెరిస్తే చీపుళ్ళు, బ్లీచింగ్ పౌడరు డబ్బాలు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు. ఇది ఒక్క జూ పాపం కాదు. ఊళ్ళో అలాంటి గదులు చాలా చూశాను, తేడా లోపల దాచే సామాను దగ్గరే.

అక్క చెప్పిన మాట మా పిల్లలెవరికీ తెలియదు, నాకూ తెలియదు. బయటికి వెళ్ళే రోజున పొద్దుటినించీ నీళ్ళు తాగదట. పెళ్ళైనా, గుడైనా, జూ అయినా. ఎండలో, నీళ్ళు తాగకుండా, రోజంతా. "మీరు బ్రెయిలీ బోర్డులు, ఆడియోలు ఏమైనా పెట్టండి, ముందు ఆ గది ఖాళీ చేయించండి. లేకపోతే నేను సగం చూసి ఇంటికి పోతాను" అంది. అప్పటిదాకా మా జాబితాలో టాయిలెట్ కింది వరసలో ఉంది. ఆ రాత్రి పైకి ఎక్కింది.

గది ఖాళీ అయింది. తలుపు లోపలికి తెరుచుకునేది, బయటికి తెరుచుకునేలా తిప్పాం. లోపల పడిపోయిన మనిషి తలుపుకి అడ్డం పడితే ఎవరూ తెరవలేరు, అందుకని. తలుపు తెరిచాక 90 సెంటీమీటర్ల దారి మిగలాలి, మాకు 84 వచ్చింది. చౌకట్టు పీకి మళ్ళీ పెట్టాలి. గోడకి పట్టుకునే కమ్మీలు స్టెయిన్‌లెస్ స్టీలువి. గోడ ఇటుక బలహీనంగా ఉంటే మనిషి బరువుకి బోల్టు ఊడొస్తుంది కాబట్టి వెనక ప్లేటు పెట్టి బిగించాలి. ఈ పని కాంట్రాక్టరు చెయ్యాలి, ఫైలు కదలాలి. కదులుతోంది, దాని నడకలో అది.

మార్చి

అసలు సరదా ఇప్పుడు మొదలైంది.

పులిని తాకించడం కుదరదు. మరి చూపు లేనివాళ్ళకి పులంటే ఏమిటో ఎలా చెప్పాలి? చర్మమో గోళ్ళో తెచ్చి పెడదామంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. అవి ప్రభుత్వ ఆస్తి, ఇంట్లో ఉంటే జైలు. అప్పుడు ఒక కీపరు దారి చూపించాడు. ఇక్కడికి రాకముందు నల్లమలలో చెంచు ట్రాకర్లతో కలిసి తిరిగినవాడు. పులి అడుగు అచ్చు తీద్దామన్నాడు.

మన దేశంలో పులుల్ని చాలాకాలం అడుగుల్ని బట్టే లెక్కపెట్టారు. ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి 1966లో పెట్టిన పద్ధతి అది. 2006 లెక్కల నుంచి కెమెరా ట్రాపులు, అంటే జంతువు ఎదురుగా రాగానే వాటంతటవే ఫోటో తీసే కెమెరాలు, వచ్చి దాన్ని పక్కకి నెట్టాయి గానీ, పాత సిబ్బందికి ఆ చేతిపని ఇంకా గుర్తుంది. సాయంత్రం పులి తిండి కోసం రాత్రి గదిలోకి నడిచే దారిలో జల్లెడ పట్టిన మెత్తటి మన్ను పరిచాడు. పొద్దున్నే చూస్తే అడుగులు వరసగా ఉన్నాయి. మంచి అడుగు ఒకటి ఎంచుకుని చుట్టూ రేకు పట్టీ వలయంలా గుచ్చాం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ రెండు పాళ్ళకి నీళ్ళు ఒక పాలు. నీళ్ళలో పొడి వెయ్యాలి, పొడిలో నీళ్ళు పోస్తే ఉండలు కడుతుంది. అంచు మీదుగా మెల్లగా జారవిడవాలి, పైనుంచి పోస్తే అడుగే చెదిరిపోతుంది. అరగంటాగి ఎత్తి, పాత టూత్‌బ్రష్‌తో మన్ను దులిపాం.

ప్లాస్టరు చేతుల్లో పడి నలిగితే పొడి రాలుతుంది. అందుకని దాన్నించి సిలికాన్ అచ్చు తీసి, అందులో తెల్ల సిమెంటు, సన్న ఇసుక కలిపి పోశాం. అచ్చులో వచ్చేది బోర్లించిన అడుగు కాబట్టి రెండు రకాలూ చేశాం. మన్నులో పడ్డ గుంట ఒకటి, ఉబ్బెత్తుగా పాదంలా ఉన్నది ఒకటి.

మాస్టారు ఉబ్బెత్తుది చేతిలోకి తీసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాలుగు వేళ్ళు తడిమారు, వెనక దిమ్మకి మూడు తమ్మెలున్నాయని ఆయనే కనిపెట్టారు. తర్వాత, "గోళ్ళేవి?" అన్నారు. పులి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది, అందుకే అచ్చులో పడవు. పక్కన వీధికుక్క అడుగు అచ్చు పెట్టాం, అందులో గోళ్ళు గుచ్చుకుంటున్నాయి. "ఇదీ పాఠం అంటే" అన్నారు మాస్టారు. పులికి ముందు కాలి అడుగు వెనక కాలి కంటే పెద్దదనీ, మగపులి అడుగు చదరంగా, ఆడపులిది కాస్త కోలగా ఉంటుందనీ కీపరు చెప్పుకుపోతుంటే మా పిల్లలు కూడా అచ్చుల కోసం తోసుకున్నారు. కళ్ళున్నవాళ్ళు కూడా పులి పాదాన్ని ఇంత దగ్గరగా ఎప్పుడు చూశారు గనుక!

ఏనుగు విషయంలో అచ్చు కంటే తాడు బాగా పనిచేసింది. ఏనుగు ముందుకాలి అడుగు చుట్టుకొలతని రెండింతలు చేస్తే దాని భుజం ఎత్తు ఇంచుమించు వస్తుంది. అడవి సిబ్బందికి తెలిసిన పాత లెక్క ఇది. మా అడుగు చుట్టుకొలత 1.2 మీటర్లు. దానికి రెండింతల పొడవున్న తాడు నిలువుగా స్తంభానికి కట్టాం. కింద అడుగు అచ్చు, పైన చెయ్యి చాచినా అందని చోట ఒక ముడి. ఓ పిల్లాడు తాడు పట్టుకుని పైకి పైకి తడుముతూ, అందకపోయేసరికి, "ఇంకా ఉందా?" అన్నాడు. ఏనుగు ఎత్తు 2.4 మీటర్లని చెప్తే ఆ ప్రశ్న పుట్టదు.

ఈముల గుడ్లు దొరకడం మాత్రం తేలికైంది. పదిహేనేళ్ళ కిందట మన దగ్గర ఈము ఫారాల పిచ్చి రేగి, చాలామంది చేతులు కాల్చుకున్నారు. ఆ రోజుల్లో లోపలి సొన తీసేసి దాచుకున్న గుడ్లు రైతుల అల్మారాల్లో ఇంకా ఉన్నాయి. ముదురాకుపచ్చ, పైన గరుకు. ఈక కూడా తమాషాగా ఉంటుంది. ఒకే మొదలు నుంచి రెండు ఈకలు వస్తాయి. వేళ్ళతో చూసేవాళ్ళకి అది ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. చూసేవాళ్ళలో చాలామంది గమనించరు.

ఏప్రిల్

తాకే మ్యాపు. త్రీడీ ప్రింటరు మీద పిల్లలు ఎంతో ఇష్టంగా చేశారు. దారులు ఉబ్బెత్తు, నీళ్ళు అలలు, ఎన్‌క్లోజర్లు గరుకు. ఒక్కో ఎన్‌క్లోజరు మీద జంతువు బొమ్మ, పక్క నుంచి చూసినట్టు గీత.

మాస్టారు ఏనుగు బొమ్మ తడిమి, "దీనికి రెండు కాళ్ళేనా?" అన్నారు.

పక్క నుంచి గీస్తే నాలుగు కాళ్ళలో రెండు దాక్కుంటాయి. దాక్కున్నవి ఉన్నాయని చూసేవాళ్ళ మెదడు పూరించుకుంటుంది. పుట్టుకతో చూపు లేనివాళ్ళకి ఆ అలవాటు ఎక్కడిది? బొమ్మలన్నీ తీసేసి, అరచేతిలో పట్టే పూర్తి విగ్రహాలు చేశాం, నాలుగు వైపులా తడమడానికి వీలుగా. అవి పరిమాణం సరిగ్గా చెప్పవు, అందుకే తాళ్ళు. రెండూ కలిస్తేనే జంతువు మొత్తం తెలుస్తుంది.

బ్రెయిలీ సంగతి. 1951 నుంచి మన భాషలన్నిటికీ భారతీ బ్రెయిలీ ఉంది, తెలుగు కూడా అందులోదే. గుణింతం హల్లుకి అంటుకోదు, అచ్చు విడిగా వెనక వస్తుంది. "పులి" అంటే ప, ఉ, ల, ఇ, నాలుగు గళ్ళు. చుక్కకీ చుక్కకీ మధ్య రెండున్నర మిల్లీమీటర్లు, గడికీ గడికీ ఆరు, చుక్క ఎత్తు అర మిల్లీమీటరు. ఈ కొలతలకి కొంచెం అటూ ఇటూ అయితే చూడ్డానికి బ్రెయిలీలాగే ఉంటుంది, చదవడానికి రాదు. అందం కోసం పెద్దవి చేసిన చుక్కలు లిఫ్టుల్లో చాలాసార్లు తగిలాయని మాస్టారు నవ్వుతూ చెప్పారు. వేలి కొన కింద ఒక్క గడి మొత్తం పట్టాలి, అంతే.

పెద్దయ్యాక చూపు పోయినవాళ్ళలో చాలామందికి బ్రెయిలీ రాదు. కాబట్టి ఏ బోర్డైనా బ్రెయిలీ ఒక్కదాని మీద నిలబడకూడదు.

ఇక ఎండ. మొదటి మ్యాపు పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ముద్రించాం. అరవై డిగ్రీల దగ్గర అది మెత్తబడుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం ఎండలో నల్ల ప్లేటు ఆ వేడి అందుకోవడం ఎంతసేపు? దారులు అప్పడాల్లా లేచాయి. మార్కెట్లో ఏఎస్ఏ అనే రకం ఉంది, ఎండకి తట్టుకుంటుంది, ఖరీదు ఎక్కువ. ఇనప ప్లేటు, స్టీలు ప్లేటు మొదటే వద్దనుకున్నాం. చదివే వేళ్ళు కాలిపోతాయి. ఇప్పుడు బోర్డులన్నీ చెట్టు నీడలోనో, చిన్న రేకు పందిరి కిందో పెడుతున్నాం. కాస్త ఏటవాలుగా, కింద వీల్‌చెయిర్ మోకాళ్ళు దూరేలా 70 సెంటీమీటర్ల ఖాళీ వదిలి.

మే

బయట పని కుదరదు. నీడలో కూర్చుని ఆడియో.

మొదట ఒక రేడియో గొంతుతో, మంచి గ్రాంథికంలో రాసి చదివించాం. విని అక్క ఆవలించింది. తర్వాత ఫోన్ పట్టుకుని కీపర్ల దగ్గరికే వెళ్ళాం. ఎలుగుబంటి కీపరు ఇలా చెప్పాడు: "మా వాడికి పై వరసలో ముందు పళ్ళు రెండుండవు. ఆ సందులోంచి చెదలు పీలుస్తాడు. వినండి." తర్వాత ఆ చప్పుడు, వాక్యూమ్ క్లీనరు మొరాయించినట్టు. ఎవరి స్క్రిప్టూ దానికి సాటిరాదు. సింహం గర్జన ఎనిమిది కిలోమీటర్ల దాకా వినపడుతుందని అందరూ రాస్తారు. సింహం కీపరు ఆ మాట చెప్పలేదు, "పొద్దున్నే ఇది అరిస్తే మా క్వార్టర్సులో గిన్నెలు మోగుతాయి" అన్నాడు. అదే ఉంచాం. ఒక్కో రికార్డింగు నిమిషం దాటకూడదని నియమం పెట్టుకున్నాం. ఎండలో నిలబడి వినేవాళ్ళకి అంతకు మించి ఓపిక ఉండదు.

పులి దగ్గర ఒక ఆడియో మాస్టారి ముక్కు వల్ల పుట్టింది. ఆయన ఆ పక్కకి రాగానే, "ఎవరో బాస్మతి వండుతున్నారు" అన్నారు. ఎవరూ వండటం లేదు. పులి తన హద్దులు గుర్తు పెట్టడానికి చిమ్మే ద్రవంలో ఉండే ఒక రసాయనమే బాస్మతికి ఆ వాసన ఇస్తుంది. బెంగాల్ శాస్త్రవేత్త రతన్‌లాల్ బ్రహ్మచారి బృందం తేల్చిన సంగతి ఇది. అప్పటినుంచి ఆ ఆడియో ఇలా మొదలవుతుంది: "కాస్త గాలి పీల్చండి. బాస్మతి అన్నం వాసన వస్తోందా?" గాలి వాటం బాగుంటేనే అనుకోండి.

క్యూఆర్ కోడు అతికిస్తే చాలనుకుంటారు. చూపు లేని మనిషికి అది గోడ మీద ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ప్రతి కోడు చుట్టూ ఉబ్బెత్తు చట్రం, అన్నిచోట్లా ఒకే ఎత్తులో, కమ్మీకి కుడి చివర. లోపల నెట్‌వర్కు సగం చోట్ల రాదు, కాబట్టి గేటు దగ్గర వైఫైలో ఫైళ్ళన్నీ ఒకేసారి దించుకునే ఏర్పాటు. ప్రత్యేకంగా యాప్ చెయ్యలేదు. జూ చూడ్డానికి వచ్చిన మనిషి చేత యాప్ ఇన్‌స్టాల్ చేయించడం నాకు నచ్చదు.

టైలరు కుర్రాడికి ఈ ఆడియో గొడవంతా దండగ. అతను రాసి చూపించింది వేరే: "వెనక నుంచి బ్యాటరీ బండి వస్తే హారన్ కొడతాడు. నాకు వినపడదు. నేను తప్పుకోనని తిడతాడు." బ్యాటరీ బండికి ఇంజను అదురు కూడా ఉండదు మరి. నడకదారికీ బండి దారికీ మధ్య పసుపు గీత గీయించాం, డ్రైవర్లతో ఒక గంట కూర్చున్నాం. వీడియోలు అతనూ అతని స్నేహితులూ చేస్తున్నారు. 2015లో ఢిల్లీలో పెట్టిన భారతీయ సంజ్ఞా భాషా కేంద్రం నిఘంటువులో పదివేల సంజ్ఞలున్నాయి, జంతువుల పేర్లకి అది ఆధారం. కానీ కథ చెప్పే తీరు వాళ్ళదే. కొండముచ్చు సంజ్ఞ అతను చేస్తుంటే కొండముచ్చే సిగ్గుపడాలి.

జూన్, తొలకరి

ఆటిజం ఉన్న బాబు తల్లి ఇచ్చిన జాబితాలో జంతువుల ఊసే లేదు. టాయ్ ట్రైన్ కూత. టికెట్ కౌంటరు దగ్గర మైకు. ఐస్‌క్రీమ్ బండి గంట. పక్షుల గదిలో రెక్కల చప్పుడు ఒక్కసారిగా మీద పడటం. ఇవి ఎక్కడెక్కడున్నాయో ముందే తెలిస్తే తను చూసుకుంటానంది. అందుకే మ్యాపు మీద రంగులు వేశాం: మోత ఉండే చోట్లు ఒక రంగు, ప్రశాంతంగా కూర్చోగల చోట్లు ఇంకో రంగు. గేటు నుంచి ఏది తర్వాత ఏది వస్తుందో ఫోటోలతో చిన్న పుస్తకం చేశాం, పిల్లాడికి ముందురోజే ఇంట్లో చూపించడానికి. అమెరికాలో చాలా జూలు ఇలాంటి మ్యాపులూ, చెవులకి పెట్టుకునే మఫ్స్ ఉన్న సంచులూ ఇస్తున్నాయి. మఫ్స్ మన దగ్గర ఫ్యాక్టరీ సామాను అమ్మే షాపులో దొరుకుతాయి, పిల్లల తలకి బిగించుకునేవి వెతుక్కోవాలి.

పొద్దున్న తెరవగానే మొదటి గంట మైకు, కూత రెండూ ఆపాలని అడిగాం. వారంలో ఒక రోజుకి ఒప్పుకున్నారు. కనుమకీ, కార్తీక వనభోజనాల ఆదివారాలకీ ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఆ రోజుల్లో జూకి రావద్దని తల్లులకి ముందే చెప్పడమే నిజాయితీ.

జూలై

జింకల గోడ దగ్గర పెద్ద వాదన జరిగింది.

సందర్శకుల వైపు గోడ 1.2 మీటర్లు. వీల్‌చెయిర్‌లో అక్క కళ్ళ ఎత్తు నేలనుంచి 112 సెంటీమీటర్లు. అంటే ఆమెకి జూ అంతా సిమెంటు గోడే. మా పిల్లలు గోడ పక్కన చెక్క వేదిక కడదామన్నారు. క్యూరేటర్ గారు వెంటనే వద్దన్నారు, ఆయన చెప్పింది సబబే. వేదిక ఎక్కాక గోడ ఎత్తు తగ్గిపోయినట్టే. పక్కన నిలబడ్డ చిన్న పిల్లలు గోడ మీద నుంచి వంగుతారు. రక్షణ కోసం పెట్టిన ఎత్తుని మేమే తగ్గించినట్టవుతుంది.

వేదిక లేకుండా చూపించాలంటే గోడే తెరవాలి. చివరికి జింకల దగ్గర మాత్రం, మూడు మీటర్ల పొడవున గోడ కొట్టించి, అదే ఎత్తులో నిలువు చువ్వలూ, వాటి వెనక వెల్డ్‌మెష్ పెట్టించడానికి ఒప్పుకున్నారు. ఇది బయటి గోడే, దాని అవతల కందకం యథాతథంగా ఉంటుంది. పులి, సింహాల దగ్గర మందపాటి లామినేటెడ్ గాజు కావాలి. ఎన్‌క్లోజర్ల మార్పులకి ఢిల్లీలోని సెంట్రల్ జూ అథారిటీ అనుమతి కావాలి. అది మా చేతిలో లేదు.

చట్టం మాట ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు కాబట్టి రాస్తున్నాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది. జనం వాడే ఉన్న భవనాల్ని నియమాలు వచ్చిన ఐదేళ్ళలో అందరికీ అందుబాటులోకి తేవాలంది, ఆ గడువు 2022లోనే అయిపోయింది. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి నియమాలు చెయ్యాలని కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పుకి ముందు దేశమంతా పరిస్థితి ఎలా ఉందో పరిశీలించి కోర్టుకి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్ళే. కాబట్టి ఎవరికైనా అర్జీ పెట్టేటప్పుడు దయచేసి అని కాకుండా, ఈ ఐదేళ్ళ గడువు పెట్టిన 2016 చట్టం సెక్షన్ 45 అని రాయండి. ఫైలు నడక మారుతుంది.

ఆగస్టు, ట్రయల్ రోజు

మాస్టారి స్కూలు పిల్లలు, అక్క, ఆమె స్నేహితులు, టైలరు కుర్రాడి బృందం, బాబూ వాళ్ళమ్మా, మా ప్రాజెక్టు అమ్మాయి తమ్ముడూ. మామూలు రోజే పెట్టాం, జనం మధ్యనే.

అచ్చుల బల్లని మొదట్లో ప్రశాంతంగా ఉంటుందని ఓ పక్కగా, "దివ్యాంగుల కోసం" అనే బోర్డుతో పెట్టాలనుకున్నారు జూ వాళ్ళు. అక్క ఒప్పుకోలేదు. "మమ్మల్ని మళ్ళీ చెట్టు కింద కూర్చోబెడతారా? బల్ల దారి మధ్యన పెట్టండి, ఎవరు ముట్టుకుంటే వాళ్ళది" అంది. పులి ఎన్‌క్లోజరు దారిలోనే పెట్టాం. పావుగంటలో బల్ల చుట్టూ జనం, చూపు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కలిసి. మాస్టారి శిష్యుడొకడు, ఏడో తరగతి, చూడగలిగే ఇద్దరు పిల్లలకి కుక్క అడుగుకీ పులి అడుగుకీ తేడా చెప్తున్నాడు, "గోళ్ళు చూడు, గోళ్ళు" అంటూ. ఇంతకంటే నేనేం రాయను. ఆ బోర్డు ఇప్పుడు స్టోర్‌రూములో ఉంది.

మనుషులతో వచ్చే చిక్కుకి మాత్రం డిజైన్ లేదు. ఓ పెద్దాయన వెనకనుంచి వచ్చి, అడక్కుండా అక్క కుర్చీ తొయ్యడం మొదలుపెట్టాడు. పుణ్యం అనుకున్నాడు. ఆమె బ్రేకు వేసి, "బాబాయి గారూ, నాకు చేతులున్నాయండి" అంది మర్యాదగానే. ఇంకొకావిడ "అయ్యో, పాపం" అంటూ ఫోను తీసి ఫోటో. ఏనుగుని వదిలేసి అక్కని! సిబ్బందికి శిక్షణలో ఈ రెండూ చేర్చాం: అడిగి సాయం చెయ్యండి, ఫోటోలు తియ్యనివ్వకండి.

తేలిన లోపాలు. జాలీలు నిలిచాయి. పేవర్ బ్లాకులు వానకి కుంగి రెండు చోట్ల గుంటలు పడ్డాయి. ఆడియో చట్రాల్లో ఒకదానిలో చీమలు గూడు కట్టాయి. బాబు పక్షుల గది దాకా వచ్చి, లోపలికి రానన్నాడు. వాళ్ళమ్మ బలవంతం చెయ్యలేదు, మ్యాపులో పచ్చరంగు బెంచీ ఎక్కడుందో చూసుకుని అక్కడ కూర్చున్నారు, కాసేపయ్యాక తనే నెమళ్ళ వైపు నడిచాడు. టాయిలెట్ చౌకట్టు ఇంకా మార్చలేదు. 84 సెంటీమీటర్లలో అక్క కుర్చీ దూరింది, ఆమె స్నేహితురాలి కుర్చీ దూరలేదు.

సెప్టెంబరు

బ్యాటరీ బండి పని నడుస్తోంది. బండి ఫ్లోరు నేలనుంచి 36 సెంటీమీటర్లు, అంటే పన్నెండుకి ఒకటి చొప్పున 4.3 మీటర్ల ర్యాంపు. అంత పొడవుది బండికి తగిలించలేం. ఏనుగుల మలుపు దగ్గర నడకదారి రోడ్డు కంటే ఎత్తుగా ఉంది, తేడా కొలిస్తే దాదాపు బండి ఫ్లోరంత. అక్కడ బండి ఆపితే ర్యాంపే అక్కర్లేదు, రెండు జానల పలక వేస్తే వీల్‌చెయిర్ నేరుగా లోపలికి పోతుంది. గేటు దగ్గర మాత్రం అలాంటి వీలు లేదు, అక్కడ సిమెంటు దిమ్మ కట్టాలి. వెనక సీటు ఒకటి తీసి, ఫ్లోరులో నాలుగు కొక్కేలు వేసి, కుర్చీని నాలుగు మూలలా రాచెట్ బెల్టులతో బిగిస్తాం. బెల్టులు లారీ సామాను షాపులో దొరికాయి. సీటు తియ్యడానికి బండి కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, వారంటీ పోతుందని జూ ఆఫీసులో టెన్షన్ పడుతున్నారు.

ఈ బ్యాచ్ పిల్లలు పాసైపోయారు. జూనియర్లలో ఐదుగురు పేర్లిచ్చారు. సోమవారం వాళ్ళని తీసుకెళ్ళి ముందుగా టాయిలెట్ చౌకట్టు కొలిపిస్తాను, తర్వాత పులి.